తయారైన ఏడు

కమిషనరాఫీసు ఫారంలో పన్నెండో గడి:
కంపెనీ, మోడలు, నంబరు, తయారైన ఏడు.
కింద వారసురాలని నా సంతకం పెట్టేశాను.
పైనంతా ఖాళీ.

ఎన్నికలొచ్చినప్పుడల్లా తాత
దాన్ని తుండుగుడ్డలో చుట్టి
రాయపురం స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు.
రసీదులన్నీ ఇనపతీగకి గుచ్చి ఉన్నాయి, పద్నాలుగు.
ఒక రైటరు 'వెబ్లీ' అన్నాడు, ఇంకొకడు 'వెప్పిలి',
డెబ్బై ఏడులో ఒకాయన విసుగెత్తి
'చేతి తుపాకి, నలుపు, ఒకటి' అని రాసి ఊరుకున్నాడు.

చిన్నాన్న లెక్క వేరు.
ఢిల్లీ దర్బారు నాటిదట,
ఎవరో దొర ఓడెక్కుతూ తాత చేతిలో పెట్టాడట.
తాత పుట్టిందే దర్బారైన పదేళ్ళకి కదా అంటే
అయితే వాళ్ళ నాయనకిచ్చుంటాడు, అంటాడు.

నేను పళ్ళాసుపత్రిలో కట్టుడు పళ్ళు చేసేదాన్ని.
చేతికలవాటైన సామానుతోనే మొదలుపెట్టాను:
అరిగిన బ్రష్షు, కిరసనాయిలు,
నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దం.
జేజి డబ్బాలో మిగిలిన పౌడరు చల్లి వేలితో తుడిస్తే
గుంటల్లోంచి తెల్లగా లేచాయి అంకెలు,
ఒక కిరీటం, అడ్డంగా రెండు కత్తులు,
కత్తుల సందున చీమతలంత అక్షరం.

పోలీసు కాగితం పర్సులో, అది క్యారియరు సంచిలో.
మౌంట్ రోడ్డు వెనక సందులో మీరాన్ సాయిబు అంగడి.
ఆయన కంటికి భూతద్దం బిగించి
సగం అరవం సగం తెలుగులో చదివాడు:
"బర్మింగామమ్మా. ముప్పైరెండు బోరు. జేబు మోడలు.
ఈ అక్షరానికి ముప్పై నాలుగు.
దర్బారప్పుడు దీనికి బొడ్డు కూడా కొయ్యలా."
గొళ్ళెం నొక్కితే
రివాల్వరు నడుం వంచి దండం పెట్టింది.

ఆయన మాట్లాడలేదు కాసేపు.
గుర్రాన్ని బొటనవేలితో వెనక్కి లాగి, వదిలి, మళ్ళీ లాగి
"దీనికి ముక్కు లేదే" అన్నాడు.
"అరిగింది కాదు. అరగదీసింది.
ఈ ఆకురాయి పోటు మా వాప్పాది."

అటక మీంచి పచ్చబట్ట అట్ట పుస్తకం దిగింది.
చెదలు సగం చదివేసిన పేజీలు.
అరవై ఏడు, తై నెల:
గుర్రం ముక్కు తీసినందుకు రెండు రూపాయలు.
పక్కన తెలుగులో, ఒత్తు మరిచిపోయిన సంతకం,
ఆండాళమ.

ఆ ఏడు తాతకి కామెర్లు.
స్టేషనుకి మోసుకెళ్ళింది జేజి.
ఇంటినుంచి స్టేషను నాలుగు వీధులు.
మౌంట్ రోడ్డు ఆ నాలుగింటిలో లేదు.

తాత హార్బరు మేస్త్రీ. శనివారం కూలి పంచి
ఖాళీ డబ్బు సంచితో, నిండిన నోటితో ఇల్లు చేరేవాడు.
అన్నం తింటున్నంతసేపూ విస్తరి పక్కనే పెట్టుకునేవాడని,
పిల్లలం మంచినీళ్ళు కూడా అడిగేవాళ్ళం కాదని
నైన ఒక్కసారే చెప్పాడు.
కొన్నాళ్ళకి అమ్మ మాత్రం
చారు పోస్తూ దాన్ని మోచేత్తో పక్కకి జరిపేది,
ఉప్పు గిన్నెను జరిపినట్టు, అన్నాడు.
ఎందుకు భయం పోయిందో నైనకి తెలియదు.
తాతకి తెలుసేమో.
తెలిసే, పక్కన పెట్టుకుంటూ వచ్చాడేమో,
అడగడానికి ఎవరూ లేరు.

"ముక్కు మళ్ళీ పెట్టించుకుంటారా?
నాలుగు వేలవుద్ది" అన్నాడు సాయిబు.
తలడ్డంగా ఊపాను.
చూసినందుకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు,
పెన్ను ఇచ్చాడు.

కంపెనీ రాశాను. నంబరు రాశాను.
మోడలు దగ్గర జేబు మోడలు, ముప్పైరెండు బోరు అని రాశాను.
తయారైన ఏడు గడిలో రెండు రాశాను:
ముప్పై నాలుగు, అరవై ఏడు.
రేపు గుమాస్తా ఒకటి కొట్టేస్తాడు.
ఏది కొట్టేస్తాడో చూడాలి.